తమీజ్ లేనిది మెట్రోకా, మనకా?



ఈసారి కొంచెం గుస్సాతోనే రాస్తున్నా. చదివాక మీకూ గుస్సా వస్తే రానివ్వండి. కానీ ఆఖరి దాకా చదివి అప్పుడు తిట్టండి.

పోయిన నెల ఒక ఆదివారం శాలిబండలో మా ఆపా ఇంట్లో దావత్. మా భాంజీకి నౌకరీ వచ్చింది. బీకాం పాసై, కంప్యూటర్ కోర్సు చేసి, రెండేళ్లుగా దరఖాస్తులు పెట్టుకుంటూ కూర్చున్న పిల్ల. రాయదుర్గంలో ఒక కంపెనీలో లెక్కలు చూసే పని. పొద్దున తొమ్మిదిన్నరకి హాజరు, సాయంత్రం ఆరున్నరకి ఛుట్టీ. దస్తర్‌ఖాన్ పరిచారు. బగారా ఖానా, దాల్చా, ఖుబానీ కా మీఠా. అందరూ ముబారక్ ముబారక్ అంటున్నారు. మా దూల్హేభాయ్ మాత్రం ప్లేట్లో చెయ్యి పెట్టి ఊరికే కూర్చున్నారు.

"ఏమైంది భాయ్?" అనడిగా.

"ఇత్తా దూర్ లడ్కీకు కైసా భేజ్‌తే?" అన్నారు.

"మెట్రో ఉంది కదా."

"మెట్రో మే లోగాంకు తమీజ్ ఇచ్ నై. నక్కో."

అంతే. ఆ ఒక్క నక్కోతో దావత్ అయిపోయింది. మా భాంజీ ఒక్క మాట అనలేదు. ఖాళీ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆపా నా వంక చూసింది. నేను దాల్చా గిన్నె వంక చూశా. పెద్దవారు, ఇంటి యజమాని, వారి బిడ్డ. నేనేమంటాను?

అనాల్సింది ఇప్పుడు అంటున్నా. దూల్హేభాయ్ ఒక్కరితోనే కాదు. మన మొహల్లాల్లో ఇంటికో నక్కో ఉంది. ఆ అబ్బాజాన్‌లు, భాయీజాన్‌లు, మామూజాన్‌లు అందరితోనూ అంటున్నా.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. ఆ దావత్‌కి రెండు వారాల ముందు కూకట్‌పల్లిలో మా రిష్తేదార్ల వలీమా. తిరిగి వచ్చేటప్పుడు పిల్లాజెల్లా కలిపి పదకొండు మందిమి కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కాం. ఎక్కగానే ఏం చేశామో వరసగా చెప్తా. స్త్రీలకి అని గోడ మీద రాసి ఉన్న సీట్లో మా దూల్హేభాయ్ కూర్చున్నారు. ఎదురుగా చంకలో బిడ్డతో ఒక తల్లి నిలబడి ఉంది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. మా భతీజా ఫోన్‌లో రీల్స్ పెట్టాడు, కోచ్ అంతా వినపడేటట్టు. చిన్న పిల్లలు కమ్మీలు పట్టుకుని ఊగుతున్నారు. మా చాచా ఈ చివర నుంచి ఆ చివర ఉన్న చాచీతో, మిగిలిన బిర్యానీ డబ్బా ఎవరి దగ్గరుందో కేకేసి అడుగుతున్నారు.

మరి నేను? వీపున లాప్‌టాప్ బ్యాగు వేసుకుని తలుపుకి అడ్డంగా నిలబడి ఆఫీసు ఫోన్ మాట్లాడుతున్నా. అమీర్‌పేట వచ్చింది. జనం తోసుకుని ఎక్కుతున్నారు. నా వెనక నుంచి ఒక అమ్మాయి, "అంకుల్, కొంచెం జరగండి" అంటోంది. రెండుసార్లు అంది. మూడోసారి అంది. నేను చెయ్యి చూపించా, ఒక్క నిమిషం అన్నట్టు. తలుపులు మూసుకున్నాయి. ఆ అమ్మాయి దిగలేకపోయింది. పంజాగుట్టలో దిగి, అవతలి ప్లాట్‌ఫారానికి వెళ్లి, మళ్లీ వెనక్కి రావాలి. దిగేటప్పుడు నన్ను ఒక్కసారి చూసింది. ఏమీ అనలేదు. మా భాంజీ వయసే ఉంటుంది.

దావత్ రాత్రి ఇంటికి వస్తుంటే ఆ చూపు గుర్తొచ్చింది. "మెట్రో మే లోగాంకు తమీజ్ ఇచ్ నై" అన్నారు కదా దూల్హేభాయ్. ఆ లోగాం ఎవరు? పదిహేను రోజుల కింద ఒక కోచ్ నిండా ఉన్న మేమే. మనం వేరేవాళ్ల బిడ్డల దారికి అడ్డంగా నిలబడతాం. ఇంటికొచ్చి, దారి బాగాలేదు అని మన బిడ్డకి తలుపు వేస్తాం. ఇదీ హకీకత్.

నేను చదివింది ఉర్దూ మీడియం బడి. తర్వాత తెలుగులో డిగ్రీ చేశా. రెండు జుబాన్‌ల మధ్య బతికేవాడికి మాటల్ని పక్కపక్కన పెట్టి చూసే అలవాటు పోదు. తమీజ్ అరబీ నుంచి వచ్చిన మాట. దీనికి దీనికి ఫరక్ ఏమిటో గుర్తుపట్టడం దాని అసలు అర్థం. తెలుగులో దాన్ని మర్యాద అంటాం. మర్యాదకి హద్దు అని కూడా అర్థం ఉంది. రెండూ ఒక్క చోటికే వస్తాయి. నా జాగా ఎక్కడ అయిపోయింది, పక్కవాడి జాగా ఎక్కడ మొదలైంది, అది గుర్తుపట్టేవాడు తమీజ్ ఉన్నవాడు. కాళ్లు మొక్కడం, జీ హుజూర్ అనడం తర్వాతి సంగతి.

మనకి ఇంట్లో ఈ గుర్తు బాగా ఉంది. దస్తర్‌ఖాన్ మీద బుజుర్గ్‌లు చెయ్యి పెట్టకముందు పిల్లలు ముట్టరు. మెహమాన్ వస్తే మంచి తకియా ఆయనకే. ఎవరింట్లోనైనా తలుపు తట్టి, ఇజాజత్ వచ్చాకే లోపల అడుగు పెడతాం. ఇదంతా ఇంటి గడప దాటగానే ఎక్కడికి పోతోంది? దారిలో కూర్చునేవాడు దారికి దాని హక్ ఇవ్వాలని, చూపు దించుకోవాలని, ఎవరికీ తక్లీఫ్ ఇవ్వకూడదని మనకి చిన్నప్పుడు మదర్సాలో నేర్పలేదా? ఆ రోజుల్లో దారి అంటే గల్లీ. ఈ రోజు దారి అంటే రైలు పెట్టె కూడా.

సరే, దూల్హేభాయ్ మొదటి మాటకి వద్దాం. ఇత్తా దూర్. ఎంత దూరం? ఎవరైనా కొలిచారా? మా ఇంట్లో ఎవరూ కొలవలేదు. అందుకే ఒక మంగళవారం నేను ఛుట్టీ పెట్టి ఆపానీ, భాంజీనీ తీసుకుని బయల్దేరా. దూల్హేభాయ్‌ని పిలిచా, రాలేదు.

శాలిబండ స్టాపులో పొద్దున ఏడూ యాభైకి బస్సు. ఆపాకీ భాంజీకీ జీరో టికెట్. 2023 డిసెంబర్ 9 నుంచి ఈ రాష్ట్రం ఆడవాళ్లకి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సుల్లో కిరాయి లేదు, ఆధార్ చూపిస్తే చాలు. నాకొక్కడికే ఖర్చా. చార్మినార్, మదీనా, నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్‌లో దిగాం. అక్కడి నుంచి ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌కి నడక. ఆపాకి మోకాళ్ల నొప్పులు, మెల్లగా నడిచాం. ఎండాకాలంలో, వానలో అయితే ఆటో మాట్లాడుకోవచ్చు.

ఎంజీబీఎస్‌లో రెండు లైన్లు కలుస్తాయి. ఒకటి ఎల్బీనగర్ నుంచి మియాపూర్ వెళ్లే ఎర్ర లైను. రెండోది జేబీఎస్ వెళ్లే ఆకుపచ్చ లైను. ఇక్కడే చాలామంది తికమక పడతారు. ముందు మీరు వెళ్లే స్టేషన్ చూడకండి, ఆ లైను చివరి స్టేషన్ పేరు చూడండి. రాయదుర్గం వెళ్లాలంటే మొదట 'మియాపూర్ వైపు' అన్న ప్లాట్‌ఫారానికి పోవాలి. అక్కడి నుంచి ఉస్మానియా మెడికల్ కాలేజీ, గాంధీభవన్, నాంపల్లి, అసెంబ్లీ, లక్డీకాపూల్, ఖైరతాబాద్, ఇర్రంమంజిల్, పంజాగుట్ట, అమీర్‌పేట. తొమ్మిదో స్టేషన్ అమీర్‌పేట. అక్కడ దిగాలి. గేటు దాటి బయటికి పోకూడదు, అదే టికెట్ నడుస్తుంది. బాణం గుర్తులు చూసుకుంటూ నీలం లైనుకి మారాలి. అక్కడా రెండు వైపులు ఉంటాయి, ఒకటి నాగోల్, ఇంకొకటి రాయదుర్గం. రాయదుర్గం వైపు ఎక్కితే మధురానగర్, యూసుఫ్‌గూడ, జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 5, చెక్‌పోస్ట్, పెద్దమ్మగుడి, మాదాపూర్, దుర్గం చెరువు, హైటెక్ సిటీ, రాయదుర్గం. మళ్లీ తొమ్మిది.

తొమ్మిది, మళ్లీ తొమ్మిది. ఒక్క మార్పు. స్టేషన్ గేటు బయట నిలబడి గడియారం చూసుకుంటే తొమ్మిదీ పది. ఇంటి గడప నుంచి గంటా ఇరవై నిమిషాలు. ఇత్తా దూర్ అన్న దూరం ఇదీ. మా దూల్హేభాయ్ తన దుకాణానికి సామాన్ తేవడానికి బేగంబజార్ వెళ్లి ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఇంతకంటే ఎక్కువ టైం పోగొట్టుకున్న రోజులున్నాయి.

వచ్చేటప్పుడు ఇంకా ఆసాన్. రాయదుర్గం చివరి స్టేషన్, అక్కడి నుంచే రైలు బయల్దేరుతుంది, ఎక్కినవాళ్లకి సీటు దొరికే అవకాశం ఎక్కువ. ఎంజీబీఎస్‌కి చేరేసరికి చీకటి పడుతుంది కాబట్టి అక్కడికి తమ్ముడు బండి మీద రావచ్చు. శాలిబండ నుంచి రాయదుర్గం దాకా రోజూ దింపి తెచ్చే పని కాదు ఇది, ఎంజీబీఎస్ దాకా వచ్చిపోయే పని. అమీర్‌పేటలో మార్పు ఉంది కాబట్టి ఆలస్యమైన రోజున రెండు లైన్లలోనూ ఆఖరి రైలు టైం చూసుకుని బయల్దేరాలి. ఒకదానికే చూసుకుంటే రెండోది వెళ్లిపోతుంది.

యాకుత్‌పురా, దబీర్‌పురా వైపు వాళ్లకి ఇంకో రాస్తా ఉంది. ఎంఎంటీఎస్ రైలు మలక్‌పేటకి వస్తుంది, అక్కడ ఎర్ర లైను మెట్రో స్టేషన్ దగ్గరే. కాకపోతే ఎంఎంటీఎస్ ఘడీఘడీకి రాదు, టైం చూసుకుని బయల్దేరాలి. సికింద్రాబాద్ వైపు, గాంధీ దవాఖానాకి వెళ్లేవాళ్లు అమీర్‌పేట చుట్టూ తిరగనక్కరలేదు. ఎంజీబీఎస్‌లో ఆకుపచ్చ లైను ఎక్కితే సుల్తాన్‌బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, ముషీరాబాద్ దాటగానే గాంధీ హాస్పిటల్ స్టేషన్. ఇంకో మాట. పేరు చూసి మోసపోకండి. ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ కోఠిలో ఉంది. ఉస్మానియా దవాఖానా మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో ఉంది. మరీజ్‌ని తీసుకుపోయేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఆ స్టేషన్ల పేర్లు ఒకసారి పైకి చదవండి. లక్డీకాపూల్. ఇర్రంమంజిల్. ఖైరతాబాద్. ముసారాంబాగ్. మలక్‌పేట. రసూల్‌పురా. బేగంపేట. సగం పటం మన ఇళ్లల్లో పలికే జుబాన్‌లో ఉంది. ఆ పేర్లు మన నోటికి వచ్చు. ఆ దారి మన ఆడపిల్లల కాళ్లకి రాదు. ఎందుకు రాదంటే మనం నేర్పలేదు. కొడుకుకి పద్నాలుగేళ్లకే బండి తాళం ఇస్తాం, లైసెన్స్ లేకపోయినా. కూతురికి ఇరవై రెండేళ్లొచ్చినా ఏ ప్లాట్‌ఫారం మీద నిలబడాలో తెలియదు. తర్వాత, "ఆమెకి రాస్తా తెలియదు, ఎట్లా పంపేది" అంటాం. తెలియకుండా చేసింది ఎవరు?

ఇప్పుడు పర్దా మాట. మెట్రోలో గైర్ మర్దాల మధ్య నిలబడాలి అంటారు. భాయీజాన్, మన ఆడవాళ్లు ఇప్పుడు దేంట్లో పోతున్నారు? షేర్ ఆటోలో. ముగ్గురు కూర్చునే సీట్లో నలుగురిని ఇరికించి, డ్రైవర్ పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టి, మోకాలికి మోకాలు తగులుతుంటే మదీనా నుంచి చాంద్రాయణగుట్ట దాకా పోతున్నారు. దాని మీద ఎవరూ ఫత్వా అడగలేదు. అది అలవాటైంది కాబట్టి కళ్లకి కనపడదు. మెట్రోలో ఆడవాళ్లకి విడిగా జాగా ఉంది. లోపలికి వెళ్లేటప్పుడు తనిఖీ ఆడవాళ్లకి ఆడవాళ్లే చేస్తారు. కెమెరాలున్నాయి, స్టేషన్‌లో సిబ్బంది ఉన్నారు. నఖాబ్ వేసుకున్న పిల్లలు రోజూ ఎంతోమంది ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఆ మంగళవారం మా ఆపా లెక్కపెట్టింది, అమీర్‌పేట వచ్చేసరికి ఏడుగురు. వాళ్లకీ అబ్బాలు ఉన్నారు.

ఆడవాళ్ల జాగా పాడుచేసేది ఎవరు? రద్దీ లేనప్పుడు కూడా, "జరా ఒక్క స్టేషన్ కదా" అని అందులోకి దూరే మర్దాలు. భార్యతో వచ్చాను కదా అని ఆమె పక్కనే నిలబడే మియాసాబ్‌లు. మీ బేగం మీకు మెహ్రమ్ అయితే కావచ్చు, అక్కడున్న మిగతా ఇరవై మంది కాదు. ఈ చిన్న ముక్క మసాయెల్ చెప్పే మనకి తెలియదా?

కాబట్టి ఇంట్లో కూర్చోబెట్టి చెప్పాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. పిల్లలకంటే ముందు మనకి మనం చెప్పుకోవాలి. నాతో మొదలుపెడుతున్నా.

తలుపు ఎవరి జాగీరూ కాదు. రైలు ఆగగానే దిగేవాళ్లకి దారి వదిలి పక్కన నిలబడాలి, వాళ్లు దిగాక ఎక్కాలి. నిఖా మెహఫిల్‌లో ఖానా వడ్డించగానే పడినట్టు పడకూడదు. లోపల తలుపు దగ్గర నిలబడక తప్పకపోతే, స్టేషన్ వచ్చినప్పుడు ఒక అడుగు బయటికి వేసి, వెనకవాళ్లని దిగనిచ్చి మళ్లీ ఎక్కాలి. ఎవరి స్టేషనూ పోదు. వీపు మీది బ్యాగు తీసి ముందుకి వేసుకోవాలి. దానికి వెనక కళ్లు లేవు, పక్కనున్న పిల్ల ముఖానికి తగులుతుంది.

ఫోన్ స్పీకర్ మూసెయ్యాలి. నాత్ అయినా సరే, బయాన్ అయినా సరే. మంచిది వినిపిస్తున్నా కదా అంటారు కొందరు. వినేవాడి మర్జీ లేకుండా చెవిలో పోసేది మంచిది ఎట్లా అవుతుంది? ఇయర్‌ఫోన్ పెట్టుకుని మీ సవాబ్ మీరు సంపాదించుకోండి.

సీటు విషయంలో అడిగించుకోవద్దు. బుజుర్గ్‌లు, గర్భిణి, చంకలో బిడ్డ ఉన్న తల్లి, కర్ర పట్టుకున్న మనిషి కనపడగానే లేవండి. నిద్ర నటించకండి, అది అబద్ధం కిందికి వస్తుంది. పదకొండు మంది కలిసి ఎక్కినా సామాన్ దారిలో పెట్టుకుని కింద కూర్చోవద్దు. అది వలీమా హాలు కాదు, వచ్చేపోయే దారి. వీడియోలు తీసుకోవాలనుకుంటే, వెనకాల కనపడే ఆడవాళ్ల ముఖాల సంగతి ఆలోచించండి. మన ఇంటి ఆడవాళ్ల ఫొటో ఎవరో తీస్తే గల్లీ గల్లీ లేస్తాం.

అమ్మీలు, ఆపాలు కూడా వినాలి. ఎస్కలేటర్ మీద బుర్ఖా అంచు చేత్తో కొంచెం పైకి పట్టుకోండి, పళ్లలో ఇరుక్కుంటే పెద్ద ప్రమాదం. పిల్లల చెయ్యి వదలకండి. భయం అనిపిస్తే లిఫ్ట్ ఉంది, షరమ్ పడేదేమీ లేదు. రమ్‌జాన్‌లో మగ్రిబ్ టైం దారిలో పడుతుందనుకుంటే బయల్దేరేటప్పుడే లెక్క వేసుకోండి. కోచ్‌లో తినడం తాగడం మనా. అజాన్‌కి పది నిమిషాల ముందు ఏదో ఒక స్టేషన్‌లో దిగి, గేటు బయటికి వచ్చి ఖజూర్‌తో రోజా విప్పుకోండి, తర్వాత ఇంకో టికెట్ తీసుకోండి. నమాజ్‌కీ అంతే. ప్లాట్‌ఫారం మీద మనుషులు పరిగెత్తే చోట చాదర్ పరిచి పదిమందికి అడ్డం కావడం కన్నా ఒక స్టేషన్ ముందు దిగి మస్జిద్‌కి పోవడం మేలు. నాంపల్లిలో, ఖైరతాబాద్‌లో మస్జిద్‌లకి కరువు లేదు. దీన్నే నేను రూటు వేసుకోవడం అంటాను. రంగు రంగుల గీతలు చూసుకోవడం ఒక్కటే రూటు కాదు, నా సఫర్ ఇంకొకరికి బోఝ్ కాకుండా చూసుకోవడం కూడా.

ఇక్కడ నా దోస్తులు కొందరు లేస్తారని తెలుసు. "అందరూ అట్లాగే చేస్తారు, నువ్వు మనవాళ్లనే ఎందుకు అంటావ్?" నిజమే, అందరూ చేస్తారు. మెడలో ఐడీ కార్డు వేలాడుతూ, చక్కటి ఇంగ్లిష్ మాట్లాడుతూ, ముసలావిడ ముందు కాళ్లు చాపుకుని కూర్చునే దొరబాబుల్ని నేను రోజూ చూస్తున్నా. వాళ్లు చేస్తే ఒక మనిషి తప్పు. మనం చేస్తే, "పాతబస్తీవాళ్లు ఇంతే" అని మొత్తం ఖౌమ్ తప్పు. ఇది నాఇన్సాఫీ. దీన్ని నేను ఒప్పుకోను, జర్నలిస్టుగా పేజీల కొద్దీ రాశాను, ఇంకా రాస్తాను. నేను తమీజ్ అడిగేది ఆ మాట అనేవాళ్ల దగ్గర సర్టిఫికెట్ కోసం అనుకోకండి. వాళ్లు ఎట్లా అయినా ఇవ్వరు. పంజాగుట్టలో దిగి నన్ను చూసిన ఆ అమ్మాయి కోసం అడుగుతున్నా. ఆమె ఏ మజ్‌హబ్ పిల్లో నాకు తెలియదు. రోజూ ఆ రైలు ఎక్కాల్సిన మా భాంజీ కోసం అడుగుతున్నా.

ఇంకొందరు అంటారు: "పాతబస్తీకి మెట్రో ఇచ్చారా అసలు? ఇవ్వని మెట్రోలో తమీజ్ ఏమిటి?" ఈ మాటలో సగం సచ్చాయి ఉంది. ఆ సగాన్ని గట్టిగానే చెప్పాలి. ఈ నగరంలో మెట్రో 2017 నవంబర్ 28న మొదలైంది. ఆకుపచ్చ లైను జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా రావాల్సింది. 2020 ఫిబ్రవరి 7న ఎంజీబీఎస్ దాకా తెచ్చి ఆపారు. మూసీ దాటలేదు. మస్జిద్‌లు, ఆషుర్‌ఖానాలు, గుళ్లు అడ్డమన్నారు, రోడ్డు ఇరుకన్నారు, మన లీడర్లు ఇంకో దారి చూడమన్నారు. ఏళ్లు గడిచాయి. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి వచ్చి ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా ఐదున్నర కిలోమీటర్ల లైనుకి శంకుస్థాపన చేశారు. ఊరి పేరు చెప్పుకోవడానికి చార్మినార్ కావాలి, ఊరి పటంలో గీత మాత్రం చార్మినార్‌కి ముందే ఆగిపోతుంది. దీని మీద అడగాలి. ప్రతి ఎలక్షన్‌లో, ప్రతి మీటింగ్‌లో అడగాలి. లైను వచ్చేదాకా శాలిబండ, చాంద్రాయణగుట్ట నుంచి ఎంజీబీఎస్ స్టేషన్ గుమ్మం దాకా రైళ్ల టైంకి సరిపోయే బస్సులు అడగాలి. అఫ్జల్‌గంజ్ నుంచి స్టేషన్‌కి ఆడవాళ్లు నడిచే దారిలో మంచి ఫుట్‌పాత్, లైట్లు అడగాలి. 2025 మేలో మెట్రో కిరాయి పెరిగింది. బస్సులో ఆడవాళ్లకి ఉన్న రిఆయత్‌లో కొంతైనా మెట్రోలో ఇవ్వమని అడగాలి. ఇవన్నీ హక్‌లు, ఖైరాత్ కాదు.

మిగతా సగం మాత్రం బహానా. సర్కార్ గీత ఎంజీబీఎస్‌లో ఆపింది. మనం మన బిడ్డల గీతని ఇంటి గడపలోనే ఆపాం. మొదటిదాని మీద ధర్నా చేసేవాడికి రెండోదాని గురించి జవాబు చెప్పే జిమ్మేదారీ ఉంది. రేపు చార్మినార్ స్టేషన్ తెరిచినా, ఈ నక్కో ఇంట్లో ఉన్నంతకాలం మా భాంజీకి ఆ స్టేషన్ మెట్లు ఎక్కే ఇజాజత్ ఉంటుందా? కొత్త స్టేషన్‌తో ఈ తలుపు తెరుచుకోదు.

ఆ మంగళవారం తిరిగి వచ్చేటప్పుడు జరిగింది ఒక్కటి చెప్తా. అమీర్‌పేటలో మారాలి. నేను అలవాటుగా ముందు నడవబోయా. భాంజీ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "మామూ, ఆప్ పీఛే ఆవో" అంది. గుర్తులు చూసుకుంటూ, ఆపా మోకాళ్లు చూసుకుంటూ లిఫ్ట్ దగ్గరికి తీసుకెళ్లింది. ఎల్బీనగర్ వైపు ప్లాట్‌ఫారం మీద పసుపు గీతకి వెనక మమ్మల్ని నిలబెట్టింది. రైలు వచ్చింది. దిగేవాళ్లు దిగేదాకా పక్కకి జరిగి నిలబడింది. ఆపాని ఎక్కించి తను ఎక్కింది. నేను మా తెహజీబ్ గురించి ఇరవై ఏళ్లుగా రాస్తున్నా. ఆ పిల్ల చేసి చూపించింది.

దూల్హేభాయ్‌కి ఆపా అన్నీ చెప్పిందట. తొమ్మిది, తొమ్మిది, గంటా ఇరవై, ఏడుగురు నఖాబ్ పిల్లలు, లిఫ్ట్, అన్నీ. ఆయన విని ఊరుకున్నారట. నిన్న రాత్రి నాకు ఫోన్ చేశారు. దుకాణం సంగతులు మాట్లాడారు, కరెంటు బిల్లు మాట్లాడారు. పెట్టేసే ముందు, "వో రాయదుర్గ్ సే ఆఖరీ గాడీ కిత్తే బజే హై?" అనడిగారు. చెప్పా. "అచ్ఛా" అని పెట్టేశారు. ఇంకా హౌ అనలేదు. నక్కో అని కూడా అనలేదు. వచ్చే నెల ఒకటో తారీఖుకి మా భాంజీ పనిలో చేరాలి. మీరూ దువా చెయ్యండి.

దువా చేసి ఊరుకోకండి. వచ్చే ఆదివారం మీ ఇంటి ఆడపిల్లని తీసుకుని ఎంజీబీఎస్‌కి రండి. టికెట్ ఆమెతోనే తీయించండి. ఎటు మారాలో ఆమెనే చెప్పమనండి. మీరు రెండడుగులు వెనక నడవండి, బ్యాగు ముందుకి వేసుకుని, ఫోన్ జేబులో పెట్టుకుని. తలుపు దగ్గర మాత్రం నిలబడకండి. ఎవరి బిడ్డో దిగాల్సి ఉంటుంది.

ఖుదా హాఫిజ్.